ఆర్నో మేస్త్రీ ఖాళీ అన్న పిస్తోలు

"బార్లా తీసి ఉందంటున్నా! నా రెండు కళ్ళతో చూశాను."

"నువ్వు చూసింది బట్టల బీరువా."

"బట్టల బీరువాలో పిస్తోళ్ళు ఎప్పట్నించి పెడుతున్నావు ఆర్నో? నా కోట్ల పక్కనా, నీ బనీన్ల పక్కనా?"

"వెటకారం ఆపు. ఇనప్పెట్టెకి నేను తాళం వేశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెయ్యకుండా పడుకున్నానా?"

"ఇన్నేళ్ళూ వేశావు. నిన్న వెయ్యలేదు. మనవరాలు మీలా వచ్చి ఉంటే? ఆ గదిలో దాక్కోవడమంటే దానికి ప్రాణం."

"రాలేదు కదా."

"రాలేదు కాబట్టి సరిపోయిందా? మనవరాలు రాని రోజు చూసుకుని మరిచిపోతావా?"

హోల్గర్ మెట్ల మధ్యలో ఆగిపోయాడు. అతను జూల్ ఊళ్ళో సిటీ బస్సు నడుపుతాడు. దారికి ఎవరైనా అడ్డొస్తే హారన్ కొట్టడం తెలుసుగానీ, మొగుడూ పెళ్ళాల తగాదా మధ్యలోకి ఎలా వెళ్ళాలో తెలీదు. వెనక్కి దిగిపోదామా అనుకున్నాడు. కానీ విన్న మాట కాళ్ళకి అడ్డం పడింది. ఆర్నో మేస్త్రీ ఇనప్పెట్టె తీసి వదిలేశాడట. ఇంకెవరి గురించి విన్నా నమ్మేవాడే. మేస్త్రీ గురించి మాత్రం నమ్మబుద్ధి కాలేదు.

గట్టిగా దగ్గి, బూట్లు చప్పుడు చేస్తూ మిగతా మెట్లెక్కాడు. గెర్లిండె తలుపు తీసింది. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"రా హోల్గర్. కాళ్ళు తుడుచుకో. మీ మేస్త్రీ లోపలే ఉన్నాడు. పొద్దుట్నించీ కొత్త పెళ్ళికూతుర్ని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు."

"పెళ్ళికూతురికి నూరేళ్ళు దాటాయి," లోపల్నించి ఆర్నో గొంతు వినిపించింది. "అయినా నీకంటే నయం. నోరెత్తదు."

"ఎత్తిన రోజున తెలుస్తుందిలే," అని గెర్లిండె కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

హోల్గర్ నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగింది.

ఊరంతా ఆర్నోని మేస్త్రీ అనే పిలుస్తుంది. మోపెడ్ల ఫ్యాక్టరీలో ఇంజన్ల వరసకి మేస్త్రీగా చేశాడు. దేశాన్ని తూర్పు, పడమరలుగా విడదీసిన గోడ కూలి దేశం ఒకటయ్యాక ఫ్యాక్టరీ మూతపడింది, వరస పోయింది, అతని కింద పనిచేసినవాళ్ళు సగం మంది పడమటికి పోయారు. పిలుపు మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. తర్వాత ఒక స్కూల్లో కాపలాదారుగా, బాయిలర్ చూసుకునేవాడిగా చేసి రిటైరయ్యాడు. మనిషి పొట్టి, మెడ లావు, చేతులు మాత్రం వాచీలు బాగుచేసేవాడి చేతుల్లా నాజూకుగా ఉంటాయి.

ఆ చేతులకి పిస్తోళ్ళ పిచ్చి ఎలా పట్టిందో హోల్గర్‌కి ముక్కలు ముక్కలుగా తెలుసు. ఆర్నో పుట్టింది రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్లో. ఆయన పాలు తాగే పిల్లవాడిగా ఉండగానే ఇంటి వెనక కుందేళ్ళ గూట్లో, ఊరిని గెలుచుకుని ఆయుధాలు వెతుకుతున్న సైనికులకి ఒక పిస్తోలు దొరికింది. దాన్ని ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క మగమనిషి పినతండ్రి ఓస్కార్. బండి వచ్చింది, ఎక్కించుకుపోయింది, అంతే సంగతి. మళ్ళీ కబురు లేదు. ఆ తర్వాత నాయనమ్మ కుందేళ్ళని పెంచలేదు. గూడు మాత్రం అలాగే ఉంచింది. చిన్నప్పుడు పెరట్లోకి వెళ్ళాలంటే ఆర్నో గోడకి ఆనుకుని, గూటికి వీలైనంత దూరంగా నడిచేవాడు. ఆ పిస్తోలు ఎలాంటిదే నాయనమ్మా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాడు. ఆవిడ చుట్టూ చూసి, కిటికీ మూసి, "చిన్నది. నల్లది," అంది. అంతకు మించి చచ్చేదాకా ఒక్క మాట అనలేదు.

సైన్యంలోకి వెళ్ళాల్సిన వయసొచ్చి, చేతికి పిస్తోలు ఇస్తే ఆర్నోకి వణుకు పుట్టింది. నలుగురూ నవ్వారు. నేర్పేవాడు మంచివాడో, విసిగిపోయినవాడో, దాన్ని బల్ల మీద పడేసి, "ఊడదియ్. మళ్ళీ బిగించు. వణుకు పోయేదాకా అదే పని," అన్నాడు. ఊడదీశాడు. గొట్టం పక్కకి, స్ప్రింగు పక్కకి, పిడి చెక్కలు పక్కకి పెడితే అక్కడ భయపడాల్సింది ఏమీ కనిపించలేదట. ఇంజనులాంటిదే. ఆ రోజు నుంచి తనకి భయం వేసినప్పుడల్లా ఏదో ఒకటి ఊడదియ్యడం మొదలుపెట్టాడు. గెర్లిండె పురిటి నొప్పులు పడుతుంటే ఆస్పత్రి వరండాలో కూర్చుని చేతి గడియారం మొత్తం విప్పేశాడని ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

గోడ కూలాక ఎర్ర కార్డుకి అర్జీ పెట్టుకున్నాడు. అది పాత ఆయుధాలు సేకరించేవాళ్ళకి సర్కారు ఇచ్చే అనుమతి కార్డు. ఏం సేకరిస్తావు, ఎందుకు సేకరిస్తావు అని ఆయుధాల ఆఫీసులో అడుగుతారు. చుట్టుపక్కల ఊళ్ళలో చేసిన జేబు పిస్తోళ్ళు, యుద్ధాల కాలం నాటివి, అని చెప్పాడు. ఎందుకు అన్నదానికి చరిత్ర మీద ఆసక్తి అన్నాడు. హోల్గర్ కూడా ఆ కార్డు తీసుకుని తన దగ్గర నేర్చుకోవడం మొదలెట్టాక, అతనితో మాత్రం ఒకసారి అసలు సంగతి అన్నాడు. "చిన్నవీ నల్లవీ ఎన్ని రకాలుంటే అన్నీ కొంటానోయ్. వాటిలో ఏదో ఒకటి మా ఓస్కార్‌ని తీసుకుపోయినదానికి చెల్లెలై ఉంటుంది."

ఇప్పుడు బల్ల మీద ఉన్న పెళ్ళికూతురు సరిగ్గా అలాంటిదే. చిన్నది. నల్లది. అడవి అవతల ఒక ముసలావిడ పోతే ఆవిడ కొడుకు ఆఫీసు ద్వారా చట్టప్రకారం అమ్మాడు. తోలు ఒర, పిస్తోలు, ఒర పక్క జేబులో తూటాలు నింపే డబ్బీ, అంటే మ్యాగజైను, రెండోది. వంటింట్లో కిటికీ కింద బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, దాని మీద వాటిని వరసగా పెట్టి ఉంచాడు ఆర్నో. బయట మంచు అడవి మీంచి దిగి వీధిలోకి వస్తోంది. ఆదివారం భోజనం వాసన ఇంకా పోలేదు. వేయించిన మాంసం, ఎర్ర క్యాబేజీ, ఉడికిన బంగాళాదుంప ఉండలు.

"కూర్చో," అన్నాడు ఆర్నో. "చేతులు కడిగావా?"

"మీ ఇంట్లోకి కడక్కుండా వస్తానా?"

"బస్సు స్టీరింగు పట్టుకున్న చెయ్యి. నీ చెమట పడితే వారంలో తుప్పు. చెప్పు, ఇది ఏ కాలానిది?"

హోల్గర్ ఒర వైపు చూశాడు. ఒర మీద గద్ద ముద్ర ఉంది. "రెండో యుద్ధం."

"ఛీ. మళ్ళీ ఒరనే నమ్మావు. తోలుకి నీతి ఉండదు, ఎవరి నడుముకైనా వేలాడుతుంది. పైగా తోలు పదును చెయ్యడానికి వాడిన పులుపు ఉక్కుని తినేస్తుంది. ఇదిగో ఇక్కడ చూడు." కుడి పక్క నీలి నలుపు మెరుగు పోయి, గరుకుగా మచ్చలు పడ్డాయి. "ముసలావిడ భద్రంగా దాచాననుకుంది పాపం. ఒరలోనే ఉంచి చంపింది దీన్ని."

"రుద్దితే పోతుందా?"

"నూనె, మెత్తటి గుడ్డ, ఓపిక. ఉక్కు పీచు ముట్టుకున్నావంటే నీ వేళ్ళు విరిచేస్తా. కొత్త మెరుగు వేయించమని మన క్లబ్బులో ఊవె లాంటివాడు చెబుతాడు. ముసలమ్మకి జుట్టుకి రంగేసి పడుచుపిల్ల అని చెప్పుకోవడం అది. మచ్చ ఉన్నచోట మచ్చ ఉండనీ. పెరగకుండా చూడు, చాలు."

భూతద్దం అందించాడు. పక్కన చెక్కిన అక్షరాలు చదివించాడు. ఊరి పేరు పాతది. పక్కపక్కనున్న రెండు ఊళ్ళని కలిపి సెల్లా-మేలిస్ అని ఒకే పేరు పెట్టింది మొదటి యుద్ధం అయిపోయాక. ఈ పిస్తోలు మీద ఉన్నది సెల్లా సాంక్ట్ బ్లాజీ. "అంటే కలపకముందే పుట్టింది. ఇప్పుడు పరీక్ష ముద్ర చూడు. ఏముంది పైన? కిరీటమా, గద్దా?"

"కిరీటం. కింద ఎన్ అక్షరం."

"గద్ద రెండో యుద్ధం నాటికి వచ్చింది. ఊరి పేరు ఒకటి చెప్పింది, ముద్ర అదే చెప్పింది, నంబరు కూడా అటే చూపిస్తోంది. ఒర ఒక్కటే అబద్ధమాడింది. తండ్రి మొదటి యుద్ధంలో కొనుక్కున్నాడు, కొడుకు రెండో యుద్ధంలో కొత్త ఒరలో పెట్టుకుని తిరిగాడు. రెండు తరాల భయం ఒకే ఇనుప ముక్క."

ఈ మాటలన్నీ చెబుతున్నంతసేపూ ఆర్నో మామూలు ఆర్నోనే. ఎక్కడా తడబాటు లేదు. మెట్ల మీద విన్నది తగాదాలో పుట్టిన గోరంత సంగతి అయ్యుంటుందని హోల్గర్ మెల్లగా నమ్మడం మొదలెట్టాడు. అరవై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళు ఒకరి మీద ఒకరు ఏమైనా అంటారు.

గెర్లిండె ప్లమ్ పళ్ళ కేకు ముక్కలు, కాఫీ తెచ్చి బల్ల రెండో చివర పెట్టింది. "మీగడ గిలక్కొట్టి తెస్తా. అప్పటిదాకా ముట్టుకోకండి," అని పక్కనున్న సామాన్ల కొట్లోకి వెళ్ళింది. ఆ పాత ఇంట్లో వంటింటికీ కొట్టుకీ మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ. దానికి ఒక క్యాలెండరు వేలాడుతోంది. గోడ వెనక గిన్నెలో చెంచా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రెండో మ్యాగజైను కూడా ఆ కాలానిదేనోయ్," అన్నాడు ఆర్నో, కళ్ళు మెరుస్తూ. "అడుగు పలక చూడు, పాత చెక్కుడే. ఇది దొరకడమంటే మాటలా? నూనెలో నానబెట్టి, కూర్చుంటుందో లేదో చూద్దామని పిస్తోల్లో ఉన్నది తీసేసి దీన్ని తోశాను. ఎంత ముద్దుగా కూర్చుందో!"

పిస్తోలు చేతిలోకి తీసుకున్నాడు.

సేకరించేవాళ్ళ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. నెలకోసారి గురికాల్చే క్లబ్బులో కలుస్తారు. ఎవరు ఏది చేతిలోకి తీసుకున్నా ముందు మ్యాగజైను బయటికి లాగాలి. తర్వాత పైనున్న స్లయిడు వెనక్కి లాగి, తూటా కూర్చునే గూట్లోకి చూడాలి, చిటికెనవేలు పెట్టి తడమాలి, ఎదుటివాడికి చూపించాలి. అందుకున్నవాడు, అప్పుడే తన కళ్ళతో చూసినా సరే, మళ్ళీ మొత్తం చెయ్యాలి. ఎవరూ నన్ను నమ్మవా అని మొహం మాడ్చుకోకూడదు. వరస తప్పినవాడు వచ్చేసారి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఉండల కోసం బంగాళాదుంపలు చెక్కాలి. ఆ శిక్ష పెట్టిందే ఆర్నో. పోయిన వసంతంలో ఒకసారి ఆయనే వరస తప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఊవె అయితే కత్తి తెచ్చి దండం పెట్టి మరీ చేతికిచ్చాడు. ఆర్నో కూడా నవ్వుతూ బుట్టెడు దుంపలు చెక్కాడు. ఎంత పెద్దాయనైనా మనిషే కదా అనుకున్నారు. ఎవరికీ భయం వెయ్యలేదు.

ఇప్పుడు ఆర్నో స్లయిడు వెనక్కి లాగాడు. మ్యాగజైను లోపలే ఉంది.

హోల్గర్ కాఫీ కప్పు నోటి దగ్గర ఆగిపోయింది. చెప్పాలా? ఆయనే చూసుకుంటాడా? ఆర్నో పిస్తోలుని కిటికీ వెలుతురుకి తిప్పి, గూట్లోకి చూసి, "ఖాళీ," అన్నాడు. ఎక్కడో టక్కుమని సన్నటి చప్పుడైంది. కొట్లో గెర్లిండె చెంచా అనుకున్నాడు హోల్గర్. ఆర్నో స్లయిడు వదిలేశాడు. అది ముందుకెళ్ళి మూసుకుంది. అప్పుడు మ్యాగజైను బయటికి లాగి, గుడ్డ మీద పెట్టాడు.

వరస తిరగబడింది. మ్యాగజైను లోపల ఉండగా స్లయిడు లాగి వదిలితే, అందులో ఒక్క తూటా ఉన్నా అది గూట్లోకి ఎక్కి కూర్చుంటుంది. తర్వాత మ్యాగజైను తీసి ఎంత చూపించినా గూట్లోది గూట్లోనే ఉంటుంది. కానీ ఉండదులే, తూటా ఎక్కణ్ణించి వస్తుంది, సేకరించేవాళ్ళకి తూటాలు ఇవ్వనే ఇవ్వరు కదా అని హోల్గర్ తనకి తాను చెప్పుకున్నాడు. ఇలా చెప్పుకుంటూ ఉండగానే ఆర్నో చెయ్యి లేచింది.

అది ఆయన పాత అలవాటు. పెట్టెలో పెట్టేముందు ట్రిగ్గర్ నొక్కి లోపలి స్ప్రింగుని వదులు చేస్తాడు. పాత పిస్తోళ్ళని ఖాళీగా కొడితే తూటాని పేల్చే సూది విరుగుతుందని ఊవె పోట్లాడతాడు. ఏళ్ళ తరబడి బిగబట్టి ఉంచితే స్ప్రింగు చస్తుందని ఆర్నో. ఆ పోట్లాట ఎప్పటికీ తెగదు. కానీ నొక్కేటప్పుడు మాత్రం ఆర్నో ఎప్పుడూ మూలనున్న ఇసక బాల్దీ వైపు గురిపెట్టే నొక్కుతాడు. ఖాళీదైనా సరే. ఆ బాల్దీ అందుకే పెట్టుకున్నాడు.

ఇవాళ బాల్దీ మూలన దాని మానాన అది ఉంది. పిస్తోలు మొన క్యాలెండరు వైపు చూస్తోంది.

గోడ వెనక చెంచా తిరుగుతూనే ఉంది. గెర్లిండె ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

హోల్గర్ కప్పు కింద పెట్టాడు. అరిస్తే ఉలిక్కిపడి నొక్కేస్తాడేమో. చెయ్యి పట్టుకుంటే పెనుగులాటలో పేలుతుందేమో. ఆర్నో చూపుడువేలు లోపలికి వెళ్ళింది. ఆ వేలి గోరు కింద నూనె నల్లగా కనిపిస్తోంది.

"మేస్త్రీ," అన్నాడు హోల్గర్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. బస్సులో తాగుబోతుతో మాట్లాడేటప్పుడు వచ్చే మెత్తటి గొంతు అది. "ఒక్కసారి ఇటివ్వండి. నంబరు సరిగ్గా చూడలేదు."

"ఉండవోయ్, వదులు చేసి ఇస్తా."

"వెలుతురు పోతోంది మేస్త్రీ. ఇప్పుడే చూస్తా. ఇవ్వండి."

ఆర్నో చిరాగ్గా చూశాడు. వేలు బయటికి వచ్చింది. పిస్తోలు హోల్గర్ చేతికొచ్చింది. బరువు లేదు దానికి, అరచేతిలో ఇమిడిపోయేంత. హోల్గర్ మొనని బాల్దీ వైపు తిప్పి, స్లయిడు వెనక్కి లాగాడు.

ఒక తూటా ఎగిరి గుడ్డ మీద పడింది. గుడ్డ దాటి దొర్లుకుంటూ వెళ్ళి, కేకు పళ్ళేనికి తగిలి ఆగింది.

వేలి కణుపంత ఇత్తడి. నల్లబడిపోయి ఉంది.

"ఇదెక్కడిది?" అన్నాడు ఆర్నో.

"దీంట్లోంచే పడింది."

"అబద్ధం. నేను ఖాళీ చేశాను. నువ్వు చూశావు."

"చూశాను మేస్త్రీ."

"మరి? నీ జేబులోంచి పడుంటుంది. తూటాలు జేబులో వేసుకుని నా ఇంటికొస్తావా? నన్ను పట్టించాలనా? ఎవరు పంపారు నిన్ను?"

తూటా ఎగిరినప్పుడు హోల్గర్‌కి వెయ్యని భయం ఇప్పుడు వేసింది. ఎదురుగా ఉన్న మొహం అతనికి తెలిసిందే, కళ్ళు మాత్రం తెలియవు. అవి తలుపు వైపూ, కిటికీ వైపూ, మళ్ళీ తలుపు వైపూ తిరుగుతున్నాయి. వీధిలో బండి ఆగిందా అని చూస్తున్నట్టు.

కొట్టు తలుపు చప్పుడైంది. ఆర్నో చెయ్యి చటుక్కున కదిలి, తన సాసరు తీసి తూటా మీద బోర్లించింది. ఆ వేగం చూసి హోల్గర్ బిత్తరపోయాడు. దాచడం మాత్రం చేతులకి బాగా గుర్తుంది.

గెర్లిండె మీగడ గిన్నెతో వచ్చింది. "ఏంటి, ఇద్దరూ చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నారు? పెళ్ళికూతురు బాగోలేదా?"

"బాగుంది," అన్నాడు హోల్గర్.

"నీ మొహం మీగడకంటే తెల్లగా ఉంది. తిను. ఈయన ఒకటే ముక్క, చక్కెర ఎక్కువ తినకూడదన్నారు. సాసరు బోర్లించావేంటి ఆర్నో? ఇటివ్వు, తుడుస్తా."

"ఉండనీ."

"కాఫీ ఒలికిందా?"

"ఉండనీ అన్నానా!"

గెర్లిండె చెయ్యి వెనక్కి తీసుకుంది. హోల్గర్ వైపు చూసింది. చూశావా అన్నట్టుగా ఉంది ఆ చూపు. మెట్ల మీద నువ్వు విన్నావని నాకు తెలుసు అన్నట్టు కూడా ఉంది. హోల్గర్ కేకు నోట్లో కుక్కుకున్నాడు. ఇప్పుడే చెప్పెయ్యాలి, ఇందాక కొట్లో ఆవిడ నిలబడ్డది ఆ క్యాలెండరుకి గోడ అవతలే. చెప్పలేదు. ఆర్నో చెయ్యి సాసరు మీదే ఉంది.

కూతురికి ఫోన్ చేసి మీలాకి దగ్గు తగ్గిందేమో కనుక్కోవాలంటూ ఆవిడ ముందుగదిలోకి వెళ్ళింది.

ఆర్నో సాసరు ఎత్తాడు. అలవాటు చొప్పున భూతద్దం తీసి తూటా అడుగు చూడబోయాడు. పక్కన పెట్టేసి మ్యాగజైను అందుకుని, పైనుంచి బొటనవేలితో లోపలి పలకని నొక్కాడు. అది దిగి, వేలు తియ్యగానే పైకి లేచింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది.

"పొద్దున ఇది కదల్లేదు," అన్నాడు ఆర్నో. "జిడ్డు గట్టిపడి అడుగునే పట్టేసింది. దాని మీద ఒకటి ఉండిపోయినట్టుంది, లోతున, నల్లగా. నేను పైనుంచి చూడలేదు. అడుగు పలక మీద చెక్కుడే చూశాను. నూనె పోశాను. నూనెకి వదిలింది." మ్యాగజైను కింద పెట్టి, "స్లయిడు లాగినప్పుడు టక్కుమంది కదూ?"

"అంది."

"నేనూ విన్నాను. ఏంటో అనుకున్నాను." హోల్గర్ వైపు చూశాడు. కళ్ళు మళ్ళీ ఆయనవే అయ్యాయి. అది ఇంకా కష్టంగా ఉంది చూడ్డానికి. "నేను ముందేం తీశాను? నిజం చెప్పు."

"స్లయిడు లాగారు. తర్వాత మ్యాగజైను తీశారు."

"గురి ఎటు పెట్టాను?"

ఆర్నో మూలనున్న బాల్దీని చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి క్యాలెండరుని చూశాడు. దాని వెనకేముందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకున్నాయి.

"నిన్న పెట్టె తీసి ఉందన్నది నిజమే," అన్నాడు. "ఆవిడ మీద అరిచానుగానీ నిజమే. తాళంచెవి చేతిలో పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. తియ్యడానికి వచ్చానా, వెయ్యడానికి వచ్చానా? ఎంతసేపు నిలబడ్డా తెలియలేదు. భయమేసి వచ్చి పడుకున్నాను. ఏదైనా ఊడదీద్దామనుకున్నా ఆ భయం పోవడానికి. దేన్ని ఊడదీస్తాను? తలని ఊడదియ్యలేను కదా."

"గెర్లిండె గారికి చెప్పాలి మేస్త్రీ. ఆఫీసులో కూడా. ఈ తూటా ఒక్కటే చాలు, చెప్పకుండా దాస్తే..."

"చెబితే బండి వస్తుంది." గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయింది. "ఇంటి ముందు ఆగుతుంది. పెట్టె మొత్తం ఖాళీ చేసి తీసుకుపోతారు. వీధంతా కిటికీల్లోంచి చూస్తుంది. మా నాయనమ్మ చూసినట్టు నేనూ చూస్తూ నిలబడాలి."

"ఓస్కార్ కాదు కదా మీరు. మిమ్మల్ని ఏమీ చెయ్యరు."

"ఇవి పోయాక మిగిలిన నన్ను ఏం చేస్తారోయ్?"

ముందుగదిలోంచి గెర్లిండె నవ్వు వినిపించింది. ఫోన్లో మనవరాలు ఏదో అన్నట్టుంది. వచ్చే ఆదివారం రావే, ఉండలు చేసి పెడతా, నీకిష్టమైన గదిలో దాక్కుందువుగాని అంటోంది ఆవిడ.

ఆర్నో ఆ మాటలు పూర్తయ్యేదాకా విన్నాడు. తర్వాత లేచాడు. పిస్తోలు, రెండు మ్యాగజైన్లు, తూటా గుడ్డలో చుట్టి, ఒర బయటే వదిలేసి, పక్కగదిలోకి నడిచాడు. హోల్గర్ వెంట వెళ్ళాడు. పెట్టె తీసి, లోపల పెట్టి, మూసి, తాళం తిప్పి, పిడి లాగి చూశాడు. హోల్గర్‌నీ లాగి చూడమన్నాడు. తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. ఆ వేళ్ళు మంచులా ఉన్నాయి.

"నీకూ కార్డుంది. ఈ ఒక్క రాత్రికి నీ దగ్గరుంచు."

"రేపు ఆఫీసుకి ఇద్దరం కలిసి వెళ్దాం," అన్నాడు హోల్గర్.

"అదే చెబుతున్నా విను. ఇప్పుడు నాకు తెలుస్తోంది, కాబట్టి ఇప్పుడే చెప్పాలి. పొద్దున్నే రా. తలుపు నేనే తీస్తాను, ఎందుకొచ్చావంటాను. తాళంచెవి నీ దగ్గర చూసి దొంగవంటాను. తూటా నువ్వే తెచ్చావంటాను. ఇందాక నన్ను చూశావుగా, అలా ఉంటాను. అయినా పోకు. గెర్లిండెని పిలిచి, నా ఎదురుగా నిలబెట్టి, మొదట్నించీ చెప్పు. కొట్టు గోడ వైపు గురిపెట్టిన సంగతి కూడా చెప్పు, దాచకు. నేను అబద్ధమంటే మళ్ళీ చెప్పు. నేను ఏడిస్తే జాలిపడి ఆపకు హోల్గర్, చివరిదాకా చెప్పు."